బైకుకీ స్కూటరుకీ ఇంజన్ ఆయిల్: ఏది పోయాలి, ఎన్నాళ్లకు మార్చాలి

వంద సీసీ బండి ఇంజన్లో తిరిగే ఆయిలంతా కలిపినా లీటరు అటూ ఇటుగానే ఉంటుంది. స్ప్లెండర్‌కు ఆయిల్ మార్చినప్పుడు పోసేది 900 మిల్లీలీటర్ల డబ్బా ఒక్కటే. పిస్టన్, క్రాంకు అరిగిపోకుండా చూసేది అదే. గేర్ల పళ్ల మధ్య నలిగేది అదే. క్లచ్ ప్లేట్లను తడిపి వేడి లాగేదీ అదే. కారుకు మూడు నాలుగు లీటర్ల ఆయిల్ ఉంటుంది, గేర్‌బాక్సుకు విడిగా మరో ఆయిల్ ఉంటుంది, మామూలు గేర్ల కారులో క్లచ్ పొడిగా ఉంటుంది. అందుకే కారు ఆయిల్ గురించి చెప్పే మాటలు బైకు దగ్గర పనిచేయవు. పావు లీటరు తగ్గినా కారు ఇంజన్ నెట్టుకొస్తుంది. స్ప్లెండర్‌కు అది ఉన్నదాంట్లో పావు వంతుకు పైనే.

ఏ కంపెనీది మంచిదని అందరూ ముందు అడుగుతారు. నిజానికి అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. అంతకంటే ముందు తేలాల్సినవి గ్రేడు (ఆయిల్ చిక్కదనం), జాసో గుర్తు (క్లచ్‌కు సరిపడుతుందో లేదో చెప్పేది), ఏపీఐ స్థాయి (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే నాణ్యత ప్రమాణం), ఎంత పోయాలన్న లెక్క. ఈ నాలుగూ సరిపోయాక సర్వో, మాక్, హెచ్‌పీ, క్యాస్ట్రాల్, షెల్, మోటుల్‌లలో ఏది కొన్నా బండికి ఇబ్బంది ఉండదు.

ముందు మాన్యువల్ తీయండి

బండితో ఇచ్చిన పుస్తకం పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైట్లో మీ మోడల్, తయారైన సంవత్సరం చూసి దించుకోండి. సంవత్సరం చూడటం తప్పనిసరి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే కొత్త కాలుష్య ప్రమాణం వచ్చినప్పుడు అదే పేరుతో అమ్మే బళ్లలో కూడా ఇంజన్లు మారాయి. కొన్నిటికి ఆయిల్ కొలత, సర్వీసు గడువు కూడా మారాయి.

కొలత దగ్గర చాలామంది పొరబడతారు. మాన్యువల్‌లో సాధారణంగా రెండు మూడు అంకెలుంటాయి. ఆయిల్ మాత్రమే మార్చినప్పుడు ఒకటి, ఫిల్టర్ కూడా మార్చినప్పుడు ఇంకొకటి, ఇంజన్ పూర్తిగా విప్పి బిగించినప్పుడు మరొకటి. మూడోది అన్నిటికంటే ఎక్కువ. బోల్టు విప్పి ఆయిల్ కార్చేసినా మూలల్లో, సన్న దారుల్లో కొంత మిగిలే ఉంటుంది. మూడో అంకె చూసి పోస్తే ఆ మిగిలినంతా అదనమవుతుంది. ఆయిల్ ఎక్కువైతే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి పంపు సరిగా నెట్టలేదు. ఎక్కువైన ఆయిల్, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది, సీళ్ల దగ్గర చెమర్చడం మొదలవుతుంది.

10డబ్ల్యూ-30లో ఏ అంకె ఏం చెబుతుంది

డబ్బా మీద గ్రేడును ఇలాగే రాస్తారు. డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 10డబ్ల్యూను సున్నాకు 25 డిగ్రీల కింద, 20డబ్ల్యూను 15 డిగ్రీల కింద పరీక్షిస్తారు. లంబసింగిలో ఎంత చలేసినా సున్నా దగ్గరే ఆగుతుంది కాబట్టి మన దగ్గర ఈ అంకె వల్ల బండి స్టార్ట్ కాకుండా పోదు. అయినా తేడా ఉంది. ఆదిలాబాద్‌లో, పాడేరులో జనవరి తెల్లవారుజామున 20డబ్ల్యూ ఆయిల్ 10డబ్ల్యూ కంటే చిక్కగా ఉంటుంది, ఇంజన్ పైభాగంలో వాల్వులను తెరిచే క్యామ్ దాకా ఎక్కడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ కొద్ది క్షణాల్లోనే అరుగుదల ఎక్కువ.

రెండో అంకె వేడెక్కాక ఉండే చిక్కదనం. దాన్ని 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. 30 గ్రేడు అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య, 50 అంటే 16.3 నుంచి 21.9 మధ్య.

మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిదని మెకానిక్ షెడ్లలో తరచూ వినబడుతుంది. రెంటచింతలలో, రామగుండంలో బయట 46 డిగ్రీలున్నా ఇంజన్ లోపల ఆయిల్ అంతకు రెట్టింపు వేడిలో పనిచేస్తుంది. ఆ వేడిని లెక్కలోకి తీసుకునే తయారీదారు గ్రేడు నిర్ణయిస్తాడు. 30 గ్రేడుకు తగ్గట్టు బేరింగుల సందులు, ఆయిల్ దారులు, పంపు ఉన్న ఇంజన్లో 20డబ్ల్యూ-50 పోస్తే లోపల రాపిడి లాగుడు పెరుగుతుంది, పికప్ బరువెక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది. పల్సర్ 150 పాత డీటీఎస్-ఐ ఇంజన్‌కు 20డబ్ల్యూ-50, ఎన్‌ఫీల్డ్ 350కి 15డబ్ల్యూ-50 రాశారంటే అవి అలా తయారైన ఇంజన్లు. స్ప్లెండర్‌కు, యాక్టివాకు 10డబ్ల్యూ-30 రాశారంటే అవి ఇలా తయారయ్యాయి. పక్కింటి బండికి ఏం పోశారన్నది మీ బండికి సంబంధం లేని విషయం.

ఒక్క సందర్భంలో మాత్రం గ్రేడు మార్చడం అర్థం చేసుకోదగినదే. బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ) బాగా అరిగి ఆయిల్ తాగుతున్న పాత బండి, పని చేయించడానికి ఇప్పుడే డబ్బు లేదు. అప్పుడు 20డబ్ల్యూ-40 పోస్తే పొగ కొంత తగ్గుతుంది. అది మరమ్మతు కాదు. బోరు పని ఎటూ తప్పదు.

జాసో గుర్తు: బైకు క్లచ్ దీని మీదే ఆధారపడి ఉంది

డబ్బా వెనక చిన్న పెట్టెలో జాసో అని, దాని కింద ఎంఏ, ఎంఏ2, ఎంబీ అని ఉంటుంది. ఇది జపాన్ వాళ్ల ప్రమాణం, పేరు టీ903. గేర్లున్న బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోలేవు. ఎంఏ రకం ఆయిల్‌ను ఆ పట్టు నిలిచేలా తయారుచేస్తారు. అందులోనూ పట్టు ఎక్కువుండేది ఎంఏ2. ఎంబీలో రాపిడి తగ్గించే రసాయనాలు ఎక్కువ.

స్కూటర్‌లో క్లచ్ పొడిగా, బెల్టు ఉండే గదిలో ఉంటుంది. ఇంజన్ ఆయిల్ దానికి తగలదు. అందుకే యాక్టివా లాంటి వాటికి ఎంబీ చెబుతారు, రాపిడి తగ్గి మైలేజీ కాస్త పెరుగుతుంది. స్కూటర్‌లో ఎంఏ పోసినా ఇంజన్‌కు నష్టం లేదు, ఆ కాస్త మైలేజీ పోతుంది, అంతే. బైకులో ఎంబీ పోస్తేనే చిక్కు. ఇంట్లో ఒక బైకు, ఒక స్కూటరు ఉండి, మిగిలిన డబ్బా ఎందుకు వృథా అనుకుని పోసే చోట ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది.

కారు ఆయిల్ సంగతీ ఇంతే. పెట్రోలు ఆదా చేస్తుందని డబ్బా మీద రాసిన సన్నటి కారు ఆయిళ్లలో అవే రసాయనాలుంటాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 లేకపోతే అది ఎంత ఖరీదైనదైనా గేర్ల బండికి వద్దు.

క్లచ్ జారుతోందని ఎలా తెలుస్తుంది? ఫ్లైఓవర్ ఎక్కుతూ నాలుగో గేర్‌లో ఒక్కసారిగా ఎక్సలేటర్ ఇవ్వండి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే జారుతున్నట్టే. ముందు క్లచ్ కేబుల్‌లో ఆట సరిపడా ఉందో లేదో చూడండి, బిగువుగా ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. కేబుల్ సరిగ్గానే ఉండి, ఈమధ్యే ఆయిల్ మార్చి ఉంటే ఆ ఆయిల్ తీసేసి ఎంఏ2 పోయండి. వెంటనే గమనిస్తే చాలా బళ్లలో ఒకటి రెండు మార్పులతో పట్టు తిరిగొస్తుంది. అలాగే నెలల తరబడి తోలితే ప్లేట్లు మాడి నున్నబడతాయి, అప్పుడు సెట్టు మార్చాల్సిందే.

ఆయిల్‌లో కలపమని విడిగా అమ్మే సీసాల మందులు బైకుకు వద్దనడానికి కారణం కూడా ఈ క్లచ్చే.

ఏపీఐ స్థాయి, మినరల్, సింథటిక్

పెట్రోలు ఇంజన్లకు ఏపీఐ స్థాయి ఎస్ అక్షరంతో మొదలవుతుంది. ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ ప్రమాణం కొత్తది. మాన్యువల్ ఎస్‌ఎల్ అడిగితే, జాసో గుర్తు సరిపోయినంత వరకు, ఎస్‌ఎన్ పోయొచ్చు. ఎస్‌ఎన్ అడిగిన చోట ఎస్‌ఎల్‌కు దిగకూడదు.

రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే వంద సీసీ బండికి మంచి మినరల్ ఆయిల్ (ముడి చమురును శుద్ధి చేసి తీసేది) వేళకు మారుస్తూ పోతే చాలు. ఖరీదైన సింథటిక్ (రసాయన ప్రక్రియతో తయారుచేసేది) పోసి, అది మన్నుతుందన్న ధైర్యంతో పది వేలు తిప్పడం కంటే ఇదే మేలు. సింథటిక్ నిజంగా పనికొచ్చేది వేడి ఎక్కువగా పుట్టే చోట. 200 సీసీ దాటిన బళ్లు, లోడుతో ఘాట్ రోడ్లెక్కేవి, గంటల తరబడి హైవే మీద 90లో పోయేవి. ఆ వేడికి మినరల్ ఆయిల్ త్వరగా చిక్కబడి జిగురవుతుంది, ఆవిరై తగ్గిపోతుంది. సెమీ సింథటిక్ అన్న పేరుకు ఇంత శాతం ఉండాలన్న కట్టుబాటు లేదు, కాబట్టి ఆ మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టే ముందు జాసో, ఏపీఐ గుర్తులు చూడండి. మాన్యువల్ సెమీ సింథటిక్ అడిగితే అదే పోయండి.

కొనేటప్పుడు పెట్రోలు బంకు, షోరూము, లేదా కంపెనీ డీలరు దగ్గర సీలు డబ్బా తీసుకోండి. మూత కింది రింగు తెగి ఉండకూడదు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిపేసినట్టు ఉండకూడదు. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ వద్దు, అందులో ఏముందో చెప్పే దారే లేదు. మార్చడం అయ్యాక ఖాళీ డబ్బాకు మేకుతో రెండు బొక్కలు పెట్టి పారేయండి. నకిలీ ఆయిల్ నింపేవాళ్లకు కావలసింది అసలు డబ్బాలే.

ఎప్పుడు మార్చాలి

కొత్త బండికి మొదటి సర్వీసు, 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య మాన్యువల్ చెప్పిన చోట, వాయిదా వేయొద్దు. కొత్త గేర్లు, రింగులు ఒరుసుకుని రాల్చిన సన్నటి ఇనుప పొడి ఆ ఆయిల్‌లోనే తిరుగుతుంటుంది.

ఆ తర్వాత లెక్క రెండు అంకెల మధ్య నలుగుతుంది. మాన్యువల్ ఎక్కువ బళ్లకు 5 వేలు, 6 వేలు అంటుంది. ఎన్‌ఫీల్డ్ కొత్త 350 ఇంజన్లకు 10 వేలు లేదా ఏడాది. వీధి చివర మెకానిక్ 2 వేలు, మహా అయితే 3 వేలు అంటాడు. కొట్టిపారేయాల్సిన మాట ఎవరిదీ కాదు. ఎందుకంటే మీటరు కిలోమీటర్లను లెక్కపెడుతుంది, ఆయిల్ పాడయ్యేది మాత్రం గంటల్లో.

హైవే మీద సగటున 45 వేగంతో తిరిగే బండికి 6 వేల కిలోమీటర్లంటే 133 గంటలు. అమీర్‌పేటలోనో బెంజి సర్కిల్ దగ్గరో సిగ్నళ్ల మధ్య సగటున 18 వేగంతో తిరిగే బండికి 3 వేలకే 167 గంటలు. సగం దూరానికే ఎక్కువ పని. పైగా గాలితో చల్లబడే ఇంజన్‌కు ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు గాలి తగలదు, ఆయిల్ ఇంకా కాగుతుంది. మినరల్ ఆయిల్‌ను 150 గంటలు దాటించకూడదని మా అభిప్రాయం. మీ సగటు వేగాన్ని 150తో గుణిస్తే మీ కిలోమీటర్ల గడువు వస్తుంది. అదీ, మాన్యువల్ అంకె, రెండిట్లో ఏది తక్కువైతే అది పాటించండి. రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే డెలివరీ బండికి సగటు 20 అనుకుంటే 3 వేలకు మార్చాలి. అంటే 25 రోజులకోసారి. భారంగా అనిపించినా బోరు పని ఖర్చు ముందు అది చిన్నదే.

తక్కువ తిరిగే బండికి ఇంకో రకం ఇబ్బంది. రోజూ రెండు కిలోమీటర్లు బజారుకి పోయి వచ్చే స్కూటర్ ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి, మండకుండా జారిన పెట్రోలు ఆయిల్‌లో చేరతాయి. ఆయిల్ కాగితే అవి ఎగిరిపోతాయి, కాగకపోతే అక్కడే ఉండి ఆమ్లాలు తయారవుతాయి. ఆయిల్ మూత విప్పితే లోపలివైపు పాలమీగడ లాంటి జిడ్డు కనబడుతుంది. ఇలాంటి బండికి వెయ్యి కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి, వానాకాలం ముగిశాక మారిస్తే మరీ మంచిది. వారానికి ఒకసారైనా ఇరవై నిమిషాలు ఆగకుండా తోలితే తేమ పోతుంది.

దుమ్ము మూడో కారణం. క్వారీల దగ్గర, మట్టి రోడ్ల మీద, వరి కోతలప్పుడు పొలాల గట్ల వెంట తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ తరచూ చూడాలి. అక్కడ తప్పించుకున్న దుమ్ము ఆయిల్‌లో కలిసి బోరును గీరుతుంది.

రంగు చూసి మార్చొద్దు. ఆయిల్‌లోని శుభ్రం చేసే రసాయనాలు మసిని పట్టి ఉంచుతాయి కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడటం సహజం. గేర్లు చెప్పే మాట వినండి. గేర్ల పళ్లు ఆయిల్‌లోని చిక్కదనాన్ని నిలిపే పదార్థాన్ని నలిపి తెంపేస్తాయి. మామూలుగా మెత్తగా పడే గేర్ టక్కుమని గట్టిగా పడుతుంటే, న్యూట్రల్ దొరక్క విసిగిస్తుంటే ఆయిల్ వయసైపోయిందనే.

గడువు కన్నా ముఖ్యమైన అలవాటు మట్టం చూడటం. ప్రతి వెయ్యి కిలోమీటర్లకు, డెలివరీ బండికైతే వారం వారం. ఆయిల్ పాతబడి పాడైన ఇంజన్ల కంటే ఆయిల్ లేక పట్టేసిన ఇంజన్లే ఎక్కువ.

ఇంట్లో మార్చుకునే పద్ధతి

కావలసినవి: సరైన ఆయిల్, డ్రెయిన్ బోల్టు కింద వేసే కొత్త వాషర్, రింగు స్పానర్ (స్ప్లెండర్ తరహా ఇంజన్లకు 17 నంబరు), రెండు లీటర్లు పట్టే తొట్టి, కొలగ్లాసు, గరాటు, చేతి తొడుగులు.

1. ఇంజన్‌ను నాలుగైదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చటి ఆయిల్ మురికిని వెంట తీసుకుని దిగుతుంది. దూరం తోలి వచ్చి ఉంటే పదిహేను నిమిషాలు ఆగండి, చెయ్యి కాలుతుంది.

2. చదునైన చోట సెంటర్ స్టాండ్ వేయండి. ముందు పైన ఆయిల్ మూత వదులు చేయండి, గాలి లోపలికి పోతే కింద ధార బాగా వస్తుంది.

3. తొట్టి పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పండి. బోల్టు కిందికి చూస్తుంటుంది కాబట్టి పైనుంచి వంగి చూసేవాళ్లకు దిశ తారుమారై బిగించేస్తారు. బోల్టు తలను ఎదురుగా చూస్తున్నట్టు ఊహించుకుని ఎడమవైపు తిప్పండి.

4. పది నిమిషాలు కారనివ్వండి. తాళం ఆపి ఉంచే నాలుగైదు కిక్కులు కొడితే మిగిలింది దిగుతుంది. ఆయిల్ మూత దగ్గర ఎయిర్ కంప్రెసర్ గొట్టం పెట్టి ఊదడం కొన్ని షెడ్లలో అలవాటు. ఆ గాలితో నీటి తేమ, దుమ్ము లోపలికి పోతాయి. డీజిలు, కిరోసిన్ పోసి కడగడం ఇంకా చెడ్డది, లోపల మిగిలింది కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది.

5. ఫిల్టర్ ఉంటే మార్చండి. పల్సర్‌లో, ఎన్‌ఫీల్డ్‌లో కాగితం ఫిల్టరుంటుంది. తీసేటప్పుడు ఏ వైపు లోపలికుందో ఫొటో తీసుకోండి, తిరగేసి పెడితే ఆయిల్ దారి మూసుకుపోయే ప్రమాదముంది. స్ప్లెండర్‌లో కాగితం ఫిల్టరుండదు. కుడివైపు కవరు లోపల వేగంగా తిరిగే గిన్నె గోడకు మురికి ముద్దగా అంటుకుంటుంది. చాలా బళ్లలో ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ తెరవరు. మాన్యువల్ చెప్పిన గడువుకు మెకానిక్‌తో తెరిపించి తుడిపించండి, కొత్త గాస్కెట్ వేయించండి. కొన్ని స్కూటర్లలో ఆయిల్ జల్లెడకు విడిగా ఒక పెద్ద మూత ఉంటుంది. విప్పినప్పుడు స్ప్రింగు, జల్లెడ జారిపడతాయి, వాటి వరుస గుర్తుంచుకోండి, ఓ-రింగు కొత్తది వేయండి.

6. డ్రెయిన్ బోల్టును కొత్త వాషర్‌తో ముందు వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. వేళ్లతో తిరగకపోతే వంకరగా పట్టినట్టే, తీసి మళ్లీ పెట్టండి. తర్వాత స్పానర్‌తో బిగువు, సుమారు 25 న్యూటన్-మీటర్లు. ఇంజన్ అడుగు అల్యూమినియం. పొడుగాటి రాడ్డు పెట్టి బలంకొద్దీ లాగితే మరలు ఊడొస్తాయి, ఆపైన లేత్ షాపులో కొత్త మరలు వేయించుకోవాలి. కారడం ఆపేది వాషర్, మీ బలం కాదు.

7. చెప్పిన కొలతకు 50 మిల్లీలీటర్లు తక్కువ పోయండి. ఇంజన్ మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో మూడు నిమిషాలాగి మట్టం చూడండి. బండి నిటారుగా ఉండాలి, సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. హీరో, హోండా బళ్లలో ఆయిల్ మూతకుండే మట్టం చూసే పుల్లను తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి. అద్దం కిటికీ ఉన్న బళ్లలో రెండు గీతల మధ్య కనబడాలి. తక్కువైతే కొంచెం కొంచెంగా కలపండి.

స్కూటర్‌కు ఇంకో పని ఉంది. వెనక చక్రం దగ్గర గేర్ల గదిలో 100 నుంచి 120 మిల్లీలీటర్ల ఆయిల్ విడిగా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ మార్చినా ఇది మారదు, అడగకపోతే షెడ్డులో ఎవరూ ముట్టుకోరు. వెనక చక్రం దగ్గర సన్నటి ఊళ వినబడే దాకా ఆగకుండా మాన్యువల్ గడువుకు మార్పించండి.

దిగిన ఆయిల్ ఏం చెబుతోంది

పారేసే ముందు తొట్టిని ఎండలో పెట్టి చూడండి. మొదటి సర్వీసులో మెరుపు పొడి మామూలే. పాత బండిలో కంటికి కనబడే రేకు ముక్కలుంటే అయస్కాంతం ఆడించండి. అంటుకుంటే ఇనుము, గేరో బేరింగో చితుకుతోంది. అంటుకోని తెల్లటి ముక్కలైతే అల్యూమినియం, పిస్టన్ వైపు అనుమానించాలి. పెట్రోలు వాసన ఘాటుగా వస్తే కార్బొరేటర్ పొంగుతోంది లేదా రింగులు పోయాయి. పోసిన 900లో 600 మాత్రమే దిగితే, బయట కారిన మరక లేకపోతే, బండి ఆయిల్ తాగుతోంది.

పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగినట్టు బండి మునిగితే సెల్ఫ్ నొక్కొద్దు, కిక్ కొట్టొద్దు. స్పార్క్ ప్లగ్ విప్పాకే మెల్లగా కిక్ తిప్పి బోరులోని నీళ్లు బయటికి పంపండి. ఆయిలంతా కార్చేసి, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ట్యాంకు, కార్బొరేటర్ శుభ్రం చేయించి, చవకైన సరైన గ్రేడు ఆయిల్ పోసి ఐదు నిమిషాలు నడిపి మళ్లీ కార్చండి. పాల రంగు పోయే దాకా, సాధారణంగా రెండు మూడు సార్లు, ఇలాగే చేయాలి. ఆ తర్వాత మంచి ఆయిల్ పోసి 500 కిలోమీటర్లకు ఒకసారి మార్చేస్తే మామూలు లెక్కకు రావచ్చు.

దిగిన ఆయిల్‌ను మురుగు కాలవలో, చెట్టు మొదట్లో పోయొద్దు. గొలుసుకు రాయడమూ మంచిది కాదు, అందులోని ఇనుప పొడి గొలుసును అరగదీస్తుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిల్ కూడా వస్తుంది. ఖాళీ డబ్బాలో పోసి మూత బిగించి, పాత ఆయిల్‌ను డ్రమ్ముల్లో పోగేసి శుద్ధి కేంద్రాలకు పంపే సర్వీసు సెంటర్‌కు ఇవ్వండి.